వాహన ఏసీలలో శీతలకం మార్పిడి

వాహన ఏసీలలో శీతలకం మార్పిడి అనగా పాత మోటారు వాహనాలలోని ఎయిర్ కండిషనింగ్ వ్యవస్థను మరమ్మతు చేసి, అందులో మొదట ఉపయోగించిన ఆర్-12 అనే శీతలకానికి బదులుగా ఆర్-134ఏ అనే శీతలకంతో పనిచేసేటట్లు మార్చడం. కారు లోపలి వేడిని గ్రహించి బయటకు తీసుకుపోయే పదార్థాన్ని శీతలకం అంటారు. వాడుకలో దీనిని "గ్యాస్" అనీ, నింపించడాన్ని "గ్యాస్ కొట్టించడం" అనీ అంటారు. ఓజోన్ పొరకు హాని కలిగించే ఆర్-12 వాడకాన్ని అంతర్జాతీయ ఒప్పందం మేరకు నిలిపివేయడం వలన ఈ మార్పిడి అవసరమైంది. పాత గ్యాస్ తీసివేసి కొత్త గ్యాస్ నింపినంత మాత్రాన మార్పిడి పూర్తి కాదు. కందెన నూనె, డ్రయర్, రబ్బరు సీళ్ళు, నింపే పరిమాణం, కండెన్సర్ సామర్థ్యం అన్నీ కొత్త శీతలకానికి సరిపోవాలి. ఆసిఫాబాద్, రామగుండం వంటి తీవ్రమైన ఎండలు గల ప్రాంతాలలో వీటిలో ఏ ఒక్కటి లోపించినా వ్యవస్థ మొదటి వేసవిలోనే విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

పనిచేసే విధానం

వాహన ఏసీ ఒక మూసివున్న వలయం. ఇంజనుకు బెల్టుతో కలిపిన కంప్రెసర్ శీతలక వాయువును ఒత్తి, దాని పీడనాన్ని, ఉష్ణోగ్రతను పెంచుతుంది. ఈ వేడి వాయువు రేడియేటర్ ముందు అమర్చిన కండెన్సర్‌లో తన వేడిని బయటి గాలికి వదలి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం డ్రయర్ గుండా ప్రయాణించేటప్పుడు అందులోని తేమ తొలగిపోతుంది. తరువాత ఎక్స్‌పాన్షన్ వాల్వులోని సన్నని రంధ్రం గుండా వెళ్ళగానే పీడనం ఒక్కసారిగా తగ్గి, డాష్‌బోర్డు వెనుకనున్న ఎవాపొరేటర్‌లో ఆవిరి అవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని కారు లోపలి గాలి నుండి తీసుకుంటుంది. ఎవాపొరేటర్‌ను మెకానిక్కులు "కూలింగ్ కాయిల్" అని పిలుస్తారు. కంప్రెసర్ నుండి ఎక్స్‌పాన్షన్ వాల్వు వరకు గల భాగాన్ని అధిక పీడన వైపు అనీ, వాల్వు నుండి తిరిగి కంప్రెసర్ వరకు గల భాగాన్ని అల్ప పీడన వైపు అనీ అంటారు.

ఈ వలయంలో శీతలకం పెట్రోలు వలె ఖర్చయ్యేది కాదు. "గ్యాస్ అయిపోయింది" అనే మాట వాడుకలో ఉన్నా, అది ఎక్కడో ఒకచోట కారిపోయినదన్నదే వాస్తవం. ప్రతి వేసవిలోనూ గ్యాస్ కొట్టించవలసి వస్తున్నదంటే లీకు అలాగే ఉన్నదని అర్థం.

రెండు శీతలకాలు

ఆర్-12 రసాయన నామం డైక్లోరోడైఫ్లోరోమీథేన్. దీని అణువులో క్లోరిన్ ఉంటుంది. వాతావరణ పీడనం వద్ద ఇది సున్నాకు దిగువన 29.8 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఆర్-134ఏ రసాయన నామం టెట్రాఫ్లోరోఇథేన్. దీనిలో క్లోరిన్ లేదు కనుక ఓజోన్ పొరకు హాని చేయదు. ఇది సున్నాకు దిగువన సుమారు 26 డిగ్రీల వద్ద మరుగుతుంది. రెండింటి ధర్మాలు చాలా దగ్గరగా ఉండటం వలననే పాత యంత్రాలను మార్చి వాడుకోవడం సాధ్యమయింది.

అయితే ఈ పోలిక అన్ని ఉష్ణోగ్రతల వద్ద ఒకేలా ఉండదు. 20 డిగ్రీల వద్ద రెండింటి పీడనం దాదాపు సమానం, అనగా సుమారు 5.7 బార్లు. సున్నా డిగ్రీల వద్ద ఆర్-12 పీడనం సుమారు 3.1 బార్లు కాగా ఆర్-134ఏ పీడనం 2.9 బార్లు. వేడి పెరిగే కొద్దీ పరిస్థితి తారుమారవుతుంది. 60 డిగ్రీల వద్ద ఆర్-12 పీడనం సుమారు 15.3 బార్లు, ఆర్-134ఏ పీడనం 16.8 బార్లు. 70 డిగ్రీలకు చేరేసరికి ఆర్-12 సుమారు 18.9 బార్ల వద్ద ఉండగా ఆర్-134ఏ 21 బార్లను దాటుతుంది. కండెన్సర్ తన వేడిని బయటి గాలికి వదలాలంటే ఆ గాలికంటే ఎక్కువ వేడిగా ఉండాలి. బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు కండెన్సర్‌లోని శీతలకం 60 నుండి 70 డిగ్రీల వరకు చేరడం సాధారణం. చల్లని దేశాలలో సాఫీగా పనిచేసే మార్పిడి వేడి ప్రాంతాలలో ఇబ్బంది పెట్టడానికి కారణం ఈ కొద్దిపాటి తేడాయే.

చరిత్ర

తొలి శీతలీకరణ యంత్రాలలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వంటి విష వాయువులను వాడేవారు. వీటికి ప్రత్యామ్నాయంగా 1928లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ, అతని సహచరులు క్లోరోఫ్లోరోకార్బన్లను ముందుకు తెచ్చారు. మండనివి, విషం కానివి అయినందున ఇవి "ఫ్రియాన్" అనే వ్యాపారనామంతో ప్రపంచమంతటా వ్యాపించాయి. కర్మాగారంలోనే ఏసీ అమర్చిన కారును ప్యాకార్డ్ సంస్థ 1939లో ప్రదర్శించింది. ఆ తరువాత సుమారు అర్ధ శతాబ్దం పాటు వాహన ఏసీ అంటే ఆర్-12 అనే చెప్పవచ్చు.

క్లోరోఫ్లోరోకార్బన్లలోని క్లోరిన్ స్ట్రాటోస్ఫియరులోని ఓజోన్‌ను నాశనం చేయగలదని మారియో మోలినా, షెర్వుడ్ రోలాండ్ 1974లో ప్రకటించారు. అంటార్కిటికాపై వసంతకాలంలో ఓజోన్ గణనీయంగా తగ్గుతున్నదని 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒడంబడిక కుదిరింది. మోలినా, రోలాండ్‌లకు పాల్ క్రుట్జెన్‌తో కలిపి 1995లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అమెరికాలో 1994 నమూనా సంవత్సరం నాటికి కొత్త కార్లన్నీ ఆర్-134ఏకు మారాయి.

భారతదేశంలో ఏసీ కార్లు సామాన్య మధ్యతరగతికి చేరువైనది మారుతి కార్ల రాకతోనే. 1985లో స్థాపించబడిన సుబ్రోస్ సంస్థ జపానుకు చెందిన డెన్సో, సుజుకీ సంస్థల సహకారంతో కారు ఏసీలను పెద్దయెత్తున తయారుచేసింది. అంతకు ముందు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్లకు, జీపులకు బయటి వర్క్‌షాపులలో డాష్‌బోర్డు క్రింద విడిగా ఏసీ బిగించే పద్ధతి ఉండేది. అటువంటి వాటిలో కండెన్సర్ పరిమాణం, ఫ్యాను, గొట్టాల పొడవు ఒక్కొక్క బండికి ఒక్కో రకంగా ఉంటాయి. ఏ బండికి ఎంత గ్యాస్ పట్టాలో చెప్పే చీటీ కూడా ఉండదు. ఇప్పటికీ మెకానిక్కులకు మారుతి కంటే ఇటువంటి బండ్ల మార్పిడే కష్టం.

భారతదేశం 1992 జూన్‌లో మాంట్రియల్ ఒడంబడికలో చేరింది. ఓజోన్ క్షయకారక పదార్థాల నియంత్రణ నిబంధనలు 2000 సంవత్సరంలో అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం 2003 జనవరి 1 నుండి కొత్త ఏసీల తయారీలో క్లోరోఫ్లోరోకార్బన్ల వాడకం ఆగిపోయింది. 2008 ఆగస్టు 1 నుండి, ఉబ్బసం రోగుల ఇన్‌హేలర్ల అవసరాలు మినహా, దేశంలో వీటి ఉత్పత్తిని నిలిపివేశారు. ఈ క్రమంలో జర్మనీ, స్విట్జర్లాండ్ దేశాల, ఐక్యరాజ్యసమితి సంస్థల సహకారంతో శీతలీకరణ మెకానిక్కులకు శిక్షణ కార్యక్రమాలు జరిగాయి.

ఆర్-134ఏ చరిత్రలో హైదరాబాదుకు కూడా స్థానం ఉన్నది. అక్కడి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు ట్రైక్లోరోఇథిలీన్ నుండి ఆర్-134ఏను తయారుచేసే పద్ధతిపైనా, అందుకు కావలసిన ఉత్ప్రేరకాలపైనా పరిశోధన చేసి పేటెంట్లు పొందారు. దిగుమతులపై ఆధారపడకుండా ఉండటం ఈ పరిశోధన ఉద్దేశం.

ఉత్తర తెలంగాణ పరిస్థితులు

ఆసిఫాబాద్ కొమరం భీమ్ జిల్లా ముఖ్యపట్టణం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడక ముందు ఇది ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. మే నెలలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటే రోజులు అరుదు కాదు. రామగుండం, మంచిర్యాల, సరిహద్దుకు ఆవల ఉన్న చంద్రపూర్ కూడా ఇటువంటివే. విచిత్రంగా చలికాలంలో తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యేది కూడా ఈ జిల్లాలోనే. తిర్యాణి మండలంలోని గిన్నెధరి, సిర్పూర్ (యు) ప్రాంతాలలో ఉదయపు ఉష్ణోగ్రత 5 డిగ్రీల సమీపానికి పడిపోయిన రోజులున్నాయి.

ఈ రెండు పరిస్థితులూ ఏసీని వేర్వేరు రకాలుగా దెబ్బతీస్తాయి. వేసవిలో కండెన్సర్‌పై భారం పడుతుంది. చలికాలంలో నెలల తరబడి ఏసీ వేయకపోవడం వలన కంప్రెసర్ ఇరుసు చుట్టూ ఉండే సీలుకు నూనె అందక ఎండిపోతుంది. మార్చిలో ఏసీ వేయగానే గ్యాస్ లేదని తెలియడానికి తరచుగా ఇదే కారణం. చలికాలంలో కూడా వారానికొకసారి పది నిమిషాల పాటు ఏసీ వేసి ఉంచితే ఈ నష్టాన్ని చాలావరకు నివారించవచ్చు. ఖర్చు లేని జాగ్రత్త ఇది.

దుమ్ము మరొక సమస్య. రెబ్బెన మండలంలోని గోలేటి పరిసరాలలోను, బెల్లంపల్లి, మందమర్రి ప్రాంతాలలోను సింగరేణి బొగ్గు గనులున్నాయి. గనుల రోడ్లపై తిరిగే జీపుల కండెన్సర్ రెక్కల మధ్య బొగ్గు ధూళి పేరుకుంటుంది. పత్తి తీసే కాలంలో గాలికి ఎగిరే దూది కూడా రెక్కలకు అంటుకొని దుమ్మును పట్టి ఉంచుతుంది. ఇటువంటి కండెన్సర్‌ను శుభ్రం చేయకుండా కొలిచిన పీడనాన్ని చూసి గ్యాస్ ఎక్కువయిందని పొరబడటం సాధారణం. ఆసిఫాబాద్ నుండి ఉట్నూరు వైపు వెళ్ళే దారిలో కెరమెరి ఘాట్ ఎక్కేటప్పుడు బండి వేగం తక్కువగా, ఇంజను శ్రమ ఎక్కువగా ఉంటుంది. రేడియేటర్, కండెన్సర్ రెండింటికీ చాలినంత గాలి అందదు. సమతల రోడ్డుపై బాగా చల్లబరచిన ఏసీ ఘాట్ మీద మొరాయించిందంటే లోపం గ్యాస్‌లో కాక ఫ్యానులోనో, కండెన్సర్‌లోనో ఉండే అవకాశమే ఎక్కువ.

లీకుల గుర్తింపు, మరమ్మతు

మార్పిడికి ముందు లీకులను కనిపెట్టి సరిచేయాలి. కంప్రెసర్ ఇరుసు సీలు, గొట్టాల చివరనుండే క్రింపులు, కలయికల వద్దనుండే ఓ-రింగులు, గ్యాస్ నింపే వాల్వులు, రాళ్ళు తగిలే కండెన్సర్ ముందు భాగం, ఎప్పుడూ తేమగా ఉండే కూలింగ్ కాయిల్ సాధారణంగా కారే చోట్లు. శీతలకంతో పాటు కొద్దిగా నూనె కూడా బయటకు వస్తుంది కనుక, దుమ్ము అంటుకొని జిడ్డుగా కనబడే చోటును మొదట అనుమానించాలి.

వలయంలో పొడి నైట్రోజన్‌ను నింపి కలయికల వద్ద సబ్బు నురుగు రాయడం చవకైన, నమ్మదగిన పద్ధతి. ఎలక్ట్రానిక్ పరికరాలతోను, నూనెలో కలిపే రంగును అతినీలలోహిత దీపంతో చూడటం ద్వారాను సన్నని లీకులను కూడా పట్టుకోవచ్చు. పాత మెకానిక్కులు వాడిన హాలైడ్ దీపం ఆర్-12 తగిలితే ఆకుపచ్చగా మండేది. ఆర్-134ఏలో క్లోరిన్ లేనందున ఆ దీపం దీనికి పనికిరాదు. పైగా మంటలో కాలిన ఆర్-12 నుండి ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టగలదు. పరీక్షకు నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడితే నూనెతో కలిసి ప్రేలుడు జరుగవచ్చు. ఆర్-134ఏ ఉన్న వ్యవస్థలోకి కంప్రెసర్ గాలిని ఎక్కించడం కూడా ప్రమాదమే, ఎందుకంటే అధిక పీడనంలో గాలితో కలిసిన ఆర్-134ఏ మండే గుణాన్ని పొందగలదు.

కొన్ని లక్షణాలను బట్టి లోపాన్ని ఊహించవచ్చు. ఏసీ మొదట పది నిమిషాలు చల్లబరచి, తరువాత ఆగి, కొంతసేపటికి మళ్ళీ చల్లబరుస్తున్నదంటే వలయంలో తేమ ఉన్నదని అనుమానించాలి. ఆ తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వు వద్ద మంచుగా గడ్డకట్టి దారిని మూసివేస్తుంది. అదే తేమ శీతలకంతోను, నూనెతోను చర్య జరిపి ఆమ్లాలను ఏర్పరచి లోపలి లోహాన్ని తింటుంది. బండి నిలిపి ఉంచినప్పుడు చల్లదనం తగ్గి, కండెన్సర్‌పై నీళ్ళు చల్లగానే పెరిగితే లోపం కండెన్సర్ వద్దనే ఉన్నది. బయటి ఖర్చు లేకుండా చేయగల ఈ నీళ్ళ పరీక్షను చాలామంది చేయరు.

మార్పిడి విధానం

మొదట వ్యవస్థలో ఏ శీతలకం ఉన్నదో తెలుసుకోవాలి. ఆర్-12 వాహనాలలో గ్యాస్ నింపే వాల్వులకు మరలు ఉంటాయి. ఆర్-134ఏ వాహనాలలో మరలు లేకుండా నొక్కితే బిగుసుకునే అమరిక ఉంటుంది. అల్ప పీడన వైపు వాల్వు వ్యాసం 13 మిల్లీమీటర్లు, అధిక పీడన వైపుది 16 మిల్లీమీటర్లు. రెండూ పొరపాటున తారుమారు కాకుండా ఈ తేడా ఉంచారు. అయితే పాత బండి ఇదివరకే ఎన్నో చేతులు మారి ఉంటే వాల్వును చూసి నమ్మడానికి లేదు. ఆర్-12 బండిలో ఇప్పటికే ఆర్-134ఏనో, మరేదో మిశ్రమమో ఉండవచ్చు. ఆర్-12, ఆర్-134ఏ రెండూ కలిస్తే ఆ మిశ్రమం పీడనం విడివిడిగా ఉన్నప్పటి కంటే ఎక్కువగా ఉంటుంది. సాధారణ రికవరీ యంత్రం దానిని తిరిగి వేరు చేయలేదు.

తరువాత పాత శీతలకాన్ని రికవరీ యంత్రం ద్వారా సిలిండరులోకి తీసుకోవాలి. గాలిలోకి వదలివేయడం పర్యావరణానికి హానికరం. ఉత్పత్తి ఆగిపోయిన ఆర్-12ను శుద్ధి చేసి మరొక పాత యంత్రానికి వాడవచ్చు కనుక అది ఆర్థికంగా కూడా నష్టమే.

నూనె మార్పు మార్పిడిలో అతి ముఖ్యమైన ఘట్టం. ఆర్-12 ఖనిజ నూనెతో బాగా కలిసి, ఆ నూనెను తనతోపాటు వలయమంతా తిప్పి తిరిగి కంప్రెసర్‌కు చేరుస్తుంది. ఆర్-134ఏ ఖనిజ నూనెతో కలవదు. పాత నూనెతోనే కొత్త గ్యాస్ నింపితే నూనె కూలింగ్ కాయిల్‌లో నిలిచిపోతుంది. కంప్రెసర్ కందెన లేక అరిగి బిగుసుకుపోతుంది. మొదటి కొన్ని రోజులు ఏసీ చక్కగా చల్లబరుస్తుంది గనుక యజమానికి ఈ నష్టం వెంటనే తెలియదు. కొత్త నూనెలు రెండు రకాలు. పి.ఏ.జి. నూనె ఆర్-134ఏ కోసమే రూపొందించిన వాహనాలలో వాడతారు. ఇది గాలిలోని తేమను త్వరగా పీల్చుకుంటుంది, పాత వ్యవస్థలో మిగిలిన క్లోరిన్ అవశేషాల వలన చెడిపోయే గుణం కూడా ఉన్నది. ఎస్టర్ నూనె మిగిలిపోయిన ఖనిజ నూనెను కొంతవరకు సహించగలదు. అందువలన మార్పిడులలో ఎస్టర్ నూనెకే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు. కంప్రెసర్ తయారీదారు ప్రత్యేకంగా ఒక నూనెను సూచించినట్లయితే దానినే అనుసరించాలి. కంప్రెసర్‌ను విప్పి తలక్రిందులు చేసి పాత నూనెను వీలైనంత వరకు ఒంపివేసి, ఎంత వచ్చిందో కొలిచి, దాని ప్రకారం కొత్త నూనె పోయాలి.

కంప్రెసర్ లోపల విరిగి లోహపు రజను వలయంలోకి చేరిన బండ్లలో గొట్టాలను, కూలింగ్ కాయిల్‌ను లోపల కడగాలి. ఒకప్పుడు దీనికి ఆర్-141బి అనే ద్రవాన్ని వాడేవారు. అదీ ఓజోన్‌కు హాని చేసేదే కనుక భారతదేశంలో 2020 జనవరి 1 నుండి దాని వాడకాన్ని తొలగించారు. పెట్రోలు, డీజిలుతో కడిగే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. లోపల మిగిలిన ఆవిరులు రబ్బరును తినడమే కాక, అగ్ని ప్రమాదానికి దారితీస్తాయి. సన్నని సమాంతర గొట్టాలు గల కండెన్సర్‌లో రజను చేరితే కడిగినా పోదు. దానిని మార్చడమే మంచిది.

డ్రయర్‌ను తప్పనిసరిగా మార్చాలి. దానిలో తేమను పీల్చే గుళికలు ఆర్-12 కాలానికి చెందినవైతే ఆర్-134ఏకు, కొత్త నూనెలకు తట్టుకోలేవు. ఎక్స్.హెచ్-7 లేదా ఎక్స్.హెచ్-9 రకం గుళికలున్న డ్రయర్ కావాలి. పాత నైట్రైల్ ఓ-రింగుల స్థానంలో హైడ్రోజనేటెడ్ నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు వేయాలి. ఇవి సాధారణంగా ఆకుపచ్చ రంగులో దొరుకుతాయి. ఆర్-134ఏ అణువు చిన్నది కనుక పాత రబ్బరు గొట్టాల గోడల గుండా మెల్లగా తప్పించుకుపోతుంది. లోపల నైలాన్ పొర గల బ్యారియర్ గొట్టాలలో ఈ సమస్య లేదు. అనేక సంవత్సరాలు ఖనిజ నూనె పీల్చిన పాత గొట్టాలు కూడా కొంతవరకు ఆపగలవన్న అభిప్రాయం ఉన్నప్పటికీ, గట్టిపడి పగుళ్ళు చూపే గొట్టాన్ని ఉంచడంలో అర్థం లేదు.

అధిక పీడనం వద్ద కంప్రెసర్‌ను ఆపివేసే స్విచ్చి లేని బండ్లకు దానిని కొత్తగా అమర్చాలి. సాధారణంగా సుమారు 30 బార్ల దగ్గర ఇది కంప్రెసర్ క్లచ్‌కు విద్యుత్తును నిలిపివేస్తుంది. గతంలో విడిగా ఏసీ బిగించిన జీపులలో ఈ స్విచ్చి లేకపోవడం కద్దు. వేడి ప్రాంతాలలో దీనిని ఐచ్ఛికంగా భావించరాదు. పాత వాల్వులపై ఆర్-134ఏ అమరికలను బిగించి, ఏ గ్యాస్, ఏ నూనె, ఎంత పరిమాణంలో, ఏ తేదీన నింపారో బానెట్ క్రింద చీటీ అతికించాలి. తరువాత వచ్చే మెకానిక్కుకు ఆ చీటీయే ఆధారం.

వాక్యూం, గ్యాస్ నింపడం

భాగాలన్నీ బిగించిన తరువాత వాక్యూం పంపుతో వలయంలోని గాలిని, తేమను తీసివేయాలి. పీడనం తగ్గితే నీరు తక్కువ ఉష్ణోగ్రత వద్దనే మరిగిపోవడం ఇందులోని సూత్రం. 30 డిగ్రీల వద్ద నీరు మరగాలంటే పీడనం సుమారు 42 మిల్లీబార్లకు తగ్గాలి. 10 డిగ్రీల వద్దనైతే సుమారు 12 మిల్లీబార్లకు దిగాలి. అందుచేత మే నెలలో అరగంటలో పూర్తయ్యే పని ఆసిఫాబాద్ డిసెంబరు ఉదయాన గంటకు పైగా పట్టవచ్చు. చలికాలంలో బండిని కొంతసేపు ఎండలో నిలిపి పని మొదలుపెట్టడం మేలు. పంపును ఆపిన తరువాత ముల్లు కదలకుండా నిలిచి ఉంటేనే లీకు లేదని, తేమ పోయిందని భావించాలి. ఫ్రిజ్ కంప్రెసర్‌ను పంపుగా వాడే పద్ధతి కొన్ని చిన్న దుకాణాలలో కనిపిస్తుంది. దానితో తేమ పూర్తిగా పోయేంత వాక్యూం రాదు.

గ్యాస్‌ను తూకం వేసి నింపాలి. ఆర్-134ఏ పరిమాణం ఆర్-12 పరిమాణంలో 80 నుండి 90 శాతం మాత్రమే ఉండాలి. ఉదాహరణకు 700 గ్రాముల ఆర్-12 పట్టిన బండికి 560 నుండి 630 గ్రాముల ఆర్-134ఏ సరిపోతుంది. మొదట తక్కువ పరిమాణంతో మొదలుపెట్టి, గేజీలను, లోపలి గాలి ఉష్ణోగ్రతను చూస్తూ కొద్దికొద్దిగా పెంచడం మంచిది. డ్రయర్‌పై ఉండే అద్దంలో బుడగలు పూర్తిగా పోయే వరకు నింపడం ఆర్-12 నాటి అలవాటు. కొత్త శీతలకంతో సరైన పరిమాణంలో కూడా అద్దం కొంత మబ్బుగా కనిపించవచ్చు. దానిని నమ్మి నింపితే గ్యాస్ ఎక్కువై, పీడనం పెరిగి, చల్లదనం తగ్గుతుంది.

అధిక పీడన వైపు గేజీ ఎంత చూపాలన్నదానికి ఒక స్థూలమైన లెక్క ఉన్నది. బయటి ఉష్ణోగ్రతను ఫారెన్‌హీట్‌లోకి మార్చి 2.2 నుండి 2.5 వరకు గల సంఖ్యతో గుణిస్తే వచ్చేది పి.ఎస్.ఐ.లలో ఉండదగిన పీడనం. 45 డిగ్రీల సెల్సియస్ అంటే 113 డిగ్రీల ఫారెన్‌హీట్. కాబట్టి సుమారు 250 నుండి 280 పి.ఎస్.ఐ. వరకు సహజమే. నీడలో, ఫ్యాను గాలిలో కూడా 330 దాటి పోతుంటే గ్యాస్ కొలతను, ఫ్యానును, కండెన్సర్‌ను తిరిగి పరిశీలించాలి. పాత గొట్టపు కండెన్సర్ స్థానంలో సమాంతర ప్రవాహ కండెన్సర్ అమర్చడం, దాని ముందు అదనపు విద్యుత్ ఫ్యాను పెట్టడం వలన పీడనం తగ్గుతుంది. ఈ ప్రాంతపు అంబాసిడర్లకు, జీపులకు పెట్టే ఖర్చులో అన్నిటికంటె ఫలితమిచ్చేది ఇదే.

ప్రమాదకరమైన ప్రత్యామ్నాయాలు

ఆర్-12 దొరకక, పూర్తి మార్పిడి ఖర్చు భరించలేక కొందరు అడ్డదారులు తొక్కుతారు. ఇంటి ఏసీలలో వాడిన ఆర్-22ను కారులో నింపడం వీటిలో ఒకటి. 60 డిగ్రీల వద్ద ఆర్-22 పీడనం సుమారు 24 బార్లు. కారు గొట్టాలు, కంప్రెసర్ సీలు ఇంత పీడనానికి తయారైనవి కావు. వంటగ్యాస్ నింపడం మరొకటి. హైడ్రోకార్బన్లు మంచి శీతలకాలే, ఇంటి ఫ్రిజ్‌లలో కొద్ది గ్రాముల ఐసోబ్యూటేన్ వాడకం సాధారణం. కాని కారులో కూలింగ్ కాయిల్ ప్రయాణికుల ఎదుటనే ఉంటుంది. అక్కడ లీకై మూసిన కారులో చేరిన వాయువుకు ఒక్క నిప్పురవ్వ చాలు. అమెరికాలో ఆర్-12 కార్లలో మండే హైడ్రోకార్బన్ మిశ్రమాల వాడకాన్ని నిషేధించారు.

కల్తీ గ్యాస్ వీటన్నిటికంటే మోసకరమైనది. ఆర్-134ఏ పేరుతో అమ్మే కొన్ని సిలిండర్లలో ఆర్-40 అనబడే మిథైల్ క్లోరైడ్ కలిసి ఉండటం పలు దేశాలలో బయటపడింది. ఇది అల్యూమినియంతో చర్య జరిపి, గాలి తగలగానే తనంతట తానే మండే పదార్థాన్ని ఏర్పరుస్తుంది. 2011లో వియత్నాం, బ్రెజిల్ రేవులలో శీతల కంటైనర్లు పేలి సాంకేతిక సిబ్బంది మరణించిన ఘటనలకు ఈ కల్తీయే కారణంగా తేలింది. కారు కండెన్సర్లు, కాయిళ్ళు కూడా అల్యూమినియంతో చేసినవే. ధర అనుమానాస్పదంగా తక్కువ ఉన్న, తయారీదారు పేరు, బ్యాచి సంఖ్య లేని కేన్లను కొనకపోవడమే రక్షణ.

చిన్న కేన్లతో గ్యాస్ నింపేటప్పుడు వాటిని అధిక పీడన వైపు ఎప్పుడూ కలుపరాదు. కంప్రెసర్ పీడనం వెనక్కి తన్ని కేన్ పేలవచ్చు. ఎండలో నిలిపిన కారులో కేన్లు ఉంచడం కూడా ప్రమాదకరమే. ద్రవ శీతలకం చర్మానికి, కంటికి తగిలితే మంచు దెబ్బ తగులుతుంది కనుక చేతి తొడుగులు, కళ్ళద్దాలు ధరించాలి. ఈ వాయువులు గాలికంటే బరువైనవి. గుంతలోకి దిగి బండి క్రింద పనిచేసేవారికి ఊపిరాడకుండా చేయగలవు.

మార్చాలా, వద్దా

లీకు లేకుండా ఆర్-12తోనే చక్కగా పనిచేస్తున్న పాత వ్యవస్థను కదిలించవలసిన అవసరం లేదు. విప్పవలసి వచ్చినప్పుడే మార్పిడి గురించి ఆలోచించాలి. కంప్రెసర్ బాగుండి కేవలం ఓ-రింగులో, గొట్టమో కారుతున్నట్లయితే పై విధంగా మార్చి వాడుకోవచ్చు. కంప్రెసర్ కూడా పోయినప్పుడు దానిని, కండెన్సర్‌ను, డ్రయర్‌ను, గొట్టాలను కలిపి ఆర్-134ఏ కోసం తయారైనవి వేయడమే దీర్ఘకాలంలో చవక. ప్రైవేటు వాహనాల రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలకు ముగిసి, తరువాత అయిదేసి సంవత్సరాలకు పునరుద్ధరించుకోవలసి ఉంటుంది. ఆర్-12 నాటి బండ్లన్నీ ఈ గడువు దాటినవే గనుక, బండి ఇంకెన్నాళ్ళు తిరుగుతుందో లెక్కచూసుకొని ఖర్చు పెట్టడం సమంజసం.

ఆర్-134ఏ తరువాత

ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయకపోయినా భూతాపాన్ని పెంచుతుంది. వంద సంవత్సరాల కాలంలో ఒక కిలో ఆర్-134ఏ సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానమైన ప్రభావం చూపుతుంది. ఆర్-12 విషయంలో ఈ సంఖ్య సుమారు 10,900. ఒక కారులోని 600 గ్రాముల ఆర్-134ఏ కారిపోతే, సుమారు 370 లీటర్ల పెట్రోలు మండించిన దానితో సమానం. లీకును మరమ్మతు చేయకుండా ఏటా గ్యాస్ నింపించడం వలన జరిగే నష్టాన్ని ఈ లెక్కతో అంచనా వేయవచ్చు.

2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలిలో మాంట్రియల్ ఒడంబడికకు చేసిన సవరణ ఇటువంటి హైడ్రోఫ్లోరోకార్బన్లను కూడా తగ్గించాలని నిర్ణయించింది. భారతదేశం దీనిని 2021లో ఆమోదించింది. దీని ప్రకారం భారతదేశం 2032 నుండి అంచెలంచెలుగా తగ్గిస్తూ 2047 నాటికి 85 శాతం తగ్గించవలసి ఉన్నది. ఐరోపా సమాఖ్యలో 2017 నుండి కొత్త కార్లన్నిటిలో ఆర్-134ఏను నిలిపివేశారు. అక్కడ ఎక్కువగా ఆర్-1234వైఎఫ్ అనే శీతలకాన్ని వాడుతున్నారు. ఇది స్వల్పంగా మండే గుణం కలది. దీని వాల్వుల అమరిక వేరు, సిలిండర్ మరలు ఎడమవైపు తిరుగుతాయి, రికవరీ యంత్రాలు కూడా ప్రత్యేకమైనవి. ఆర్-12 బండిని ఆర్-134ఏకు మార్చినట్లుగా ఆర్-134ఏ బండిని దీనికి మార్చే పద్ధతి వాడుకలో లేదు.